సికింద్రాబాద్‌లో నా బ్రాంచి, నానక్‌రామ్‌గూడలో ఆయన ఆఫీసు. ఇల్లు ఎక్కడ చూసుకోవాలి?

వైజాగ్_పిల్ల
మేమిద్దరమే. పెళ్లై రెండేళ్లు. ఇన్నాళ్లూ వైజాగ్ ఎంవీపీ కాలనీలో హాయిగా ఉన్నాం. ఇప్పుడు నాకు బ్యాంకులో బదిలీ అయింది. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర బ్రాంచి, జూన్ రెండో వారంలో చేరాలి. ఆయనది సాఫ్ట్‌వేర్. కోవిడ్ అప్పటి నుంచి ఇంట్లోంచే పని. ఇక వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాల్సిందే అన్నారట. ఆ ఆఫీసేమో నానక్‌రామ్‌గూడలో.

హైదరాబాద్ మాకు పెళ్లిళ్లకు వచ్చి వెళ్లిన ఊరే తప్ప అంతకు మించి తెలీదు. ఆయన నల్లగండ్ల, తెల్లాపూర్ అంటున్నారు. స్నేహితులంతా అక్కడే, కొత్త బిల్డింగులు, జిమ్ము, స్విమ్మింగ్ పూల్. ఆయనకు ఈత రాదు, అది వేరే సంగతి. నేనేమో రోజూ వెళ్లేదాన్ని నేను కదా అంటున్నాను. చివరికి మ్యాప్ మీద స్కేలు పెట్టి సరిగ్గా మధ్యలో ఏముందో చూశాం. యూసుఫ్‌గూడ, అమీర్‌పేట వచ్చాయి. అక్కడ తీసుకుంటే ఇద్దరికీ న్యాయం జరిగినట్టేనా, లేక ఇద్దరికీ దూరమైనట్టా?

మెయింటెనెన్సుతో కలిపి 25 వేల లోపు, రెండు బెడ్‌రూములు. కారు లేదు, ఒక స్కూటీ ఉంది. పిల్లలు లేరు, కాబట్టి స్కూళ్ల గురించి ఎవరూ చెప్పకండి ప్లీజ్.

మియాపూర్_మావయ్య
మియాపూర్ వచ్చేయమ్మా. మెట్రో ఇక్కడే మొదలు, ఎక్కగానే సీటు. అమీర్‌పేటలో లైను మారితే ప్యారడైజ్. కూరగాయల బండివాడి దగ్గర నుంచి డాక్టరు దాకా అందరూ మనవైపు వాళ్లే. వైజాగ్ వదిలినట్టే ఉండదు.

ట్యాంకర్_బాధితుడు
మావయ్యా, సీటు దొరుకుతుంది సరే, నీళ్లో?

మియాపూర్_మావయ్య
మా అపార్ట్‌మెంట్లో ఆ ఇబ్బంది లేదు బాబూ.

ట్యాంకర్_బాధితుడు
మీకు లేదు. మాకుంది. నేను నిజాంపేటలో నాలుగేళ్లు ఉన్నాను. నలభై ఫ్లాట్లు, రెండు బోర్లు. ఫిబ్రవరి దాటితే రెండూ గాలి కొట్టేవి. మార్చి నుంచి వానలు పడేదాకా రోజూ ట్యాంకర్లే. మెయింటెనెన్స్ 2,500 అని చెప్పి ఇల్లిచ్చారు, ఏప్రిల్లో 5,000 అయింది. తెల్లవారుజామున నాలుగింటికి ట్యాంకర్ పైపు సంపులో పడే చప్పుడుకే లేచేవాళ్లం, అలారం అక్కర్లేకుండా.

మియాపూర్_మావయ్య
అది నిజాంపేట. మాది మియాపూర్.

ట్యాంకర్_బాధితుడు
భూమి కింద సరిహద్దు రాళ్లు పాతలేదు మావయ్యా.

నల్లగండ్ల_నాని
ఆయన చెప్పిందే కరెక్ట్ సిస్టర్. ఇక్కడి నుంచి నానక్‌రామ్‌గూడకు బైక్ మీద పాతిక నిమిషాలు. మీకూ దారి ఉంది. లింగంపల్లిలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కితే జేమ్స్ స్ట్రీట్‌లో దిగొచ్చు, అక్కడి నుంచి ప్యారడైజ్ నడిచి వెళ్లిపోవచ్చు. టికెట్ చిల్లర డబ్బులు. కిటికీ పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోవడమే.

బ్యాంకు_భారతి
నానీ తమ్ముడూ, ఆ కిటికీ పక్కన నేను మూడేళ్లు కూర్చున్నాను. సరిగ్గా చెప్పాలంటే నిలబడ్డాను.

నేనూ బ్యాంకే. చందానగర్‌లో ఇల్లు, సికింద్రాబాద్‌లో బ్రాంచి. ఎంఎంటీఎస్ 2003 నుంచి నడుస్తోంది, చవక, అందులో అబద్ధం లేదు. కానీ అది మెట్రోలా ఒకటి పోతే ఇంకొకటి వెంటనే వచ్చే బండి కాదు. మనకు సరిపడే టైములో ఉన్నది ఒక్కటే, దానికి ముందుది మరీ ముందు, తర్వాతది మరీ తర్వాత. ఇంటి గుమ్మం నుంచి కౌంటర్ దాకా గంటా ఇరవై నిమిషాలు పట్టేది, అదీ అన్నీ కలిసొస్తే.

సాఫ్ట్‌వేర్ వాళ్లకు అర్థం కాని సంగతి ఒకటుంది. బ్యాంకు పదింటికి తెరుస్తారంటే మనం పదింటికి వెళ్తే చాలదు. క్యాష్ జాయింట్ కస్టడీలో ఉంటుంది, స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలు, ఇద్దరి దగ్గర. ఒక తాళం నా హ్యాండ్‌బ్యాగులో ఉండేది. ఒకరోజు బండి బేగంపేటకు ముందు ఆగిపోయింది. ఎందుకో ఎవరూ చెప్పరు. నేను తలుపు దగ్గర నిలబడి పట్టాల పక్కన గడ్డి మేస్తున్న మేకల్ని లెక్కపెడుతున్నాను. అక్కడ పింఛన్ తీసుకోవడానికి వచ్చిన పెద్దాయన కౌంటర్ ముందు కూర్చుని ఉన్నాడు, క్యాషియర్ ఫోన్ మీద ఫోన్. రెండో తాళం వచ్చేదాకా మొదటి తాళం దేనికీ పనికిరాదు కదా. ఆ నెలలోనే ఇల్లు మారాను.

అందుకే మీ ఇంట్లో గొడవ తేల్చడం తేలిక. మీ ఇద్దరిలో ఎవరి ఉద్యోగానికి తాళం ఉందో వాళ్ల దగ్గర ఇల్లు. ఆయన లాగిన్ పది నిమిషాలు ఆలస్యమైతే ఎవరి పింఛనూ ఆగదు.

కూకట్‌పల్లి_క్వీన్
భారతి గారూ 👏 మా ఆయనకు చదివి వినిపించాను. టీవీ సౌండ్ పెంచాడు.

సికింద్రాబాదీ_శ్రీను
స్కేలు పెట్టి ఇల్లు వెతికినోళ్లను ఇదే చూసుడు. పరేషాన్ కాకు చెల్లె, మ్యాప్ పక్కన పెట్టి మెట్రో బొమ్మ చూడు. నీలం లైను నాగోల్ నుంచి రాయదుర్గం దాకా. నీ ప్యారడైజ్ దానిమీదనే ఉంది. మీ ఆయన దిగాల్సిన రాయదుర్గం దాని చివర. ఇద్దరిదీ ఒకటే బండి. ఇక ఆ లైను మీద మంచిగ ఉండేది ఎక్కడ అంటే, తార్నాక, హబ్సిగూడ. పాత కాలనీలు, చెట్లు, ఎప్పటి నుంచో నల్లా కనెక్షన్లు, పక్కనే ఉస్మానియా క్యాంపస్. పొద్దున వాకింగ్‌కు అంత జాగ నీకు ఊర్ల ఇంకెక్కడ దొరుకుతది? తార్నాక నుంచి ప్యారడైజ్ నాలుగో స్టేషన్. కిరాయి కూడ నీ బడ్జెట్‌లనే.

మణికొండ_మొనగాడు
శ్రీను అన్నా, ఆమెకు నాలుగు స్టేషన్లు. ఆయనకు? తార్నాక నుంచి రాయదుర్గం పదిహేడు స్టేషన్లు. దిగాక నానక్‌రామ్‌గూడ దాకా మళ్లీ షటిల్ బస్సో, ఆటోనో. గంటన్నర లెక్కేసుకోండి. పాపం ఆయన ఏం పాపం చేశాడు?

సికింద్రాబాదీ_శ్రీను
వారంలో మూడు దినాలే కద. మిగతా నాలుగు దినాలు ఇంట్ల ఏసీ కింద కూసుంటడు.

మణికొండ_మొనగాడు
ఇవాళ మూడు రోజులు అన్నారు. మా ఆఫీసులోనూ అలాగే మూడుతో మొదలుపెట్టి ఐదు చేశారు. ఆ మెయిల్ శుక్రవారం సాయంత్రం ఆరింటికి వచ్చింది.

బ్యాంకు_భారతి
ఇది మాత్రం ఆలోచించాల్సిన మాటే.

యూసుఫ్‌గూడ_యామిని
మధ్యలో అంటే ఇద్దరికీ దూరం అని అందరూ కొట్టిపారేస్తున్నారు. నేను ఆ మధ్యలోనే ఉంటున్నాను. యూసుఫ్‌గూడ స్టేషన్ నుంచి ప్యారడైజ్ ఆరో స్టేషన్, రాయదుర్గం ఏడోది. మీ స్కేలు అబద్ధం చెప్పలేదు. మా ఇంటి నుంచి ప్యారడైజ్ 35 నిమిషాలు, నడకతో కలిపి. మా తమ్ముడు నానక్‌రామ్‌గూడ వెళ్తాడు, 50 నిమిషాలు. అద్దె 22 వేలు.

మరి ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. ఇరుకు సందులు. స్కూటీ పెట్టుకోవడానికి కూడా ఓనరుతో మాట్లాడుకోవాలి. కృష్ణానగర్ వైపైతే రాత్రి పన్నెండుకు కూడా టీ కొట్లు కిటకిటలాడుతుంటాయి, షూటింగుల నుంచి వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. నాకు ఆ సందడి ఇష్టం. సముద్రం చప్పుడుకు అలవాటు పడ్డవాళ్లకు నచ్చుతుందో లేదో.

ఆ_ఆయన్నే
పైన ఆవిడ 'ఆయన' అంటున్నది నన్నే. ఈత రాదన్న సంగతి ఇంతమందికి చెప్పాల్సిన అవసరం ఏముందో తెలీదు.

కూకట్‌పల్లి_క్వీన్
😂😂 వచ్చేశారు అల్లుడు గారు.

మియాపూర్_మావయ్య
పక్క గదిలోంచి టైపు చేస్తున్నావా బాబూ?

ఆ_ఆయన్నే
అదే సోఫా. నా వైపు అసలు చెప్పనివ్వండి. నేను నల్లగండ్ల అన్నది పూల్ కోసం కాదు. ఎలాగూ హైదరాబాద్ వస్తున్నాం, ఒక ఏడాది అటువైపు అద్దెకుండి, ప్రాంతం తెలిశాక కొల్లూరు దగ్గర ఫ్లాట్ కొందామని. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే నానక్‌రామ్‌గూడ ఎంతసేపు?

నల్లగండ్ల_నాని
పర్ఫెక్ట్ ప్లాన్ బ్రో. ఇప్పుడు కొనకపోతే మళ్లీ కొనలేం.

మణికొండ_మొనగాడు
2019లో కూడా ఇదే మాట అన్నావు నానీ.

నల్లగండ్ల_నాని
2019లో కొన్నవాడిని అడుగు!

బ్యాంకు_భారతి
గౌతమో, రాజేషో, మీ పేరేదైనా సరే, బాబూ, హోమ్ లోన్ ఫైళ్లు చూసే మనిషిగా చెప్తున్నాను. మీ ఆవిడకు మూడేళ్లకోసారి బదిలీ. తర్వాతి బ్రాంచి ఎల్బీనగరో, సంగారెడ్డో, మళ్లీ వైజాగో ఎవరికీ తెలీదు. మీరు కంపెనీ మారితే మీ ఆఫీసూ మారుతుంది. ఊరు తెలియకముందే కొని, రిజిస్ట్రేషన్‌కే ఏడున్నర శాతం కట్టి, తర్వాత 'అబ్బా ఇటువైపు కాదు' అనుకునేవాళ్లను వారానికొకరిని చూస్తాను. కట్టుబడిలో ఉన్నదైతే పైన 5 శాతం జీఎస్టీ. అద్దె ఇల్లు నచ్చకపోతే ఒక నెల నోటీసు, అంతే.

ట్యాంకర్_బాధితుడు
కొనేముందు చెరువు ఎఫ్‌టీఎల్ మ్యాప్ చూసుకోండి అన్నది కూడా కలపండి. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక కదా సగం మందికి ఎఫ్‌టీఎల్ అంటే ఏమిటో తెలిసింది. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు ఎందాకా వస్తాయో ఆ గీత. గీత లోపల బాల్కనీ ఉంటే అది లేక్ వ్యూ కాదు, లేకే.

వైజాగ్_పిల్ల
అందరికీ థాంక్స్. కొనడం మాట ఇప్పటికి పక్కన పెట్టాం. పక్కన అంటే సోఫాకు ఆ చివర. ఈ శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్కుతున్నాం. శని, ఆదివారాలు ఇళ్లు చూసి, సోమవారం ఒకసారి ప్రయాణం చేసి చూసి వెనక్కి వస్తాం. యూసుఫ్‌గూడ, హబ్సిగూడ, తార్నాక ఈ మూడే చూద్దామనుకుంటున్నాం. ఇంట్లో ఏం చూడాలో చెప్పండి.

ట్యాంకర్_బాధితుడు
బాత్రూమ్‌లో బకెట్ లోపలి వైపు చూడండి. తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటే బోరు నీళ్లే. షవర్ రంధ్రాల్లో సగం మూసుకుపోయి ఉంటే మరీ గట్టి నీళ్లు, జుట్టు మీద ఆశ వదులుకోండి. వంటింట్లో కొళాయి, బాత్రూమ్ కొళాయి రెండూ తిప్పి చూడండి. అన్నిటికన్నా ముఖ్యం, ఓనరును అడక్కండి. వాచ్‌మన్ భార్యను అడగండి, ఏప్రిల్లో ఎన్ని ట్యాంకర్లు వచ్చాయని.

మణికొండ_మొనగాడు
మే నెలలో చూస్తున్నారు కాబట్టి నీళ్ల గుట్టు బయటపడుతుంది. వాన గుట్టు మాత్రం తెలీదు. అది జులై నుంచి అక్టోబర్ దాకా ఉన్నవాళ్లనే అడగాలి.

సికింద్రాబాదీ_శ్రీను
నిజం. నేను తార్నాక, హబ్సిగూడ మంచిదన్న, కాని వీధి వీధికీ ఫరక్ ఉంటది. 2020 అక్టోబర్ వానకు హబ్సిగూడ, రామంతాపూర్ పల్లంల ఉన్న గల్లీలు మునిగినయ్. రెండు గల్లీలు పైకి పోతే చుక్క నీరు నిల్వలేదు. ఏరియా పేరు చూసి ఇల్లు తీస్కోవద్దు, గల్లీ చూసి తీస్కోవాలె.

వైజాగ్_పిల్ల
వచ్చేశాం. కాళ్లు లాగేస్తున్నాయి. పెద్ద పోస్ట్, ఓపిక ఉన్నవాళ్లే చదవండి.

యూసుఫ్‌గూడలో రెండు చూశాం. యామిని గారు చెప్పినట్టే స్టేషన్ నుంచి నాలుగు నిమిషాలు. ఇల్లు శుభ్రంగానే ఉంది, 23 వేలు. కానీ మధ్యాహ్నం రెండింటికి హాల్లో లైటు వేస్తే గానీ ఓనరు గారి ముఖం కనపడలేదు. బెడ్‌రూమ్ కిటికీ తీశాను. చెయ్యి చాపితే ఎదురింటివాళ్ల తులసికోటలో నీళ్లు పోయొచ్చు. ఆయన అక్కడ నిలబడి 'ఇక్కడ నేను వారానికి రెండు రోజులు పొద్దుట నుంచి రాత్రి దాకా కూర్చోవాలి' అన్నారు. ఇంటి నుంచి పని చేసేవాళ్లకు వెలుతురు ఎంత ముఖ్యమో అప్పుడు తట్టింది, అంతవరకూ దూరాలే లెక్కపెడుతున్నాం.

రెండోది బాగుంది. ఓనరు మొదట 'ఏ ఊరు' అన్నారు, తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత నేరుగా 'మీరేమిట్లు' అన్నారు. మా ఆయన 'అద్దె టైముకు కట్టేవాళ్లం అండీ' అన్నారు. ఇల్లు వేరేవాళ్లకు మాట ఇచ్చేశామని సాయంత్రం ఫోన్ వచ్చింది.

హబ్సిగూడలో కింద పోర్షన్. చూడగానే నచ్చింది, ముందు జామచెట్టు, 20 వేలే. లోపల కొత్త రంగు. మణికొండ గారు చెప్పిన మాట గుర్తొచ్చి గోడల్ని కొంచెం జాగ్రత్తగా చూశాను. నడుం ఎత్తు వరకు ఒక తెలుపు, దానిపైన ఇంకొక తెలుపు. ఎదురింటి పనమ్మాయిని అడిగితే, 'ఆ యేడు ఫ్రిజ్జు తేలిందక్కా' అంది, పెళ్లికి వెళ్లొచ్చినంత మామూలుగా. పైగా వెజిటేరియన్లకు మాత్రమేనట. మా అత్తగారు నెలకోసారి ఎండు నెత్తళ్లు పంపిస్తారు. నమస్కారం పెట్టి వచ్చేశాం.

తార్నాకలో టూలెట్ బోర్డులు చూసుకుంటూ నడుస్తుంటే దొరికింది, బ్రోకర్ లేకుండా. రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. రైల్వేలో చేసి రిటైరైన పెద్దాయన, కింద వాళ్లే ఉంటారు. పాత మొజాయిక్ గచ్చు. వంటింట్లో అరలకు తలుపుల్లేవు. కానీ రెండు బెడ్‌రూములకూ తూర్పు కిటికీలు. బకెట్ చూశాను, ఉప్పు లేదు. వాచ్‌మన్ లేడు కాబట్టి ఎదురు కిరాణా కొట్లో అడిగాను. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, వేసవిలో బోరు కలుపుకుంటారు, ఈ ఏడు రెండుసార్లు ట్యాంకర్ తెప్పించారు. వీధి ఎత్తు మీద ఉంది. 21 వేలు, రెండు నెలల అడ్వాన్స్.

ఇక సోమవారం. ఇద్దరం ఆ ఇంటి గేటు దగ్గర నుంచే బయల్దేరాం, ఆఫీసుకు వెళ్తున్నట్టే. నేను 8:50కి మొదలై 9:12కి ప్యారడైజ్ దగ్గర బ్రాంచి షట్టర్ ముందు ఉన్నాను. అప్పటికి షట్టర్ తెరవలేదు. ఎండలో నిలబడి చెరకురసం తాగాను. ఆయన సంగతి ఆయనే చెప్తారు.

ఆ_ఆయన్నే
8:10కి గేటు. 8:22కి రైలు. సీటు లేదు, బేగంపేటలో కొంచెం ఊపిరి ఆడింది, అమీర్‌పేటలో మళ్లీ పోయింది. 9:10 దాటాక రాయదుర్గం. షటిల్ కోసం పావుగంట. 9:45కి ఆఫీసు. గంటా ముప్ఫై ఐదు నిమిషాలు. టికెట్ రానూపోనూ నూట ముప్ఫై దాకా అవుతుంది (2025లో ఛార్జీలు పెంచి, తర్వాత కొంత తగ్గించాక గరిష్ఠం 69 ఒకవైపు). సాయంత్రం మాత్రం రాయదుర్గంలోనే బండి మొదలు కాబట్టి సీటు దొరికింది. నిద్రపోయాను. ఈవిడ ఫోన్ చేయకపోతే నాగోల్ వెళ్లిపోయేవాడిని.

లెక్కల_మాస్టారు
ఇంతసేపు చదువుతూ ఊరుకున్నాను. ఇక ఆగలేను. భారతి గారు, నాని, యామిని గారు చెప్పిన టైములు, మీ సోమవారం టైములు కలిపి వారానికి ఇద్దరి ప్రయాణం లెక్కేశాను. ఆయన మూడు రోజులు, ఆమె రెండో, నాలుగో శనివారాలు సెలవు కాబట్టి ఐదున్నర. నల్లగండ్లలో ఉంటే దాదాపు 17 గంటలు. తార్నాక పదమూడున్నర. యూసుఫ్‌గూడ పదకొండున్నర. లెక్క ప్రకారం యామిని గారు గెలిచారు.

యూసుఫ్‌గూడ_యామిని
🙏 లెక్క ఎప్పుడూ అబద్ధం చెప్పదు.

బ్యాంకు_భారతి
మాస్టారూ, ఆ పదమూడున్నరలో ఆమెవి నాలుగు గంటలు, ఆయనవి తొమ్మిదిన్నర. మొత్తం ఒక్కటే చూస్తే ఎలా? ఎవరి మీద ఎంత పడుతోందో చూడండి. అయితే అందులో సగం ఆయన నిద్రపోతున్నాడు కాబట్టి...

నల్లగండ్ల_నాని
ఐదు రోజులు ఆఫీసు పెడితే ఆయన లెక్క దాదాపు పదహారు గంటలు అవుతుంది. అప్పుడు తార్నాక మీద నేనే గెలుస్తాను. రాసిపెట్టుకోండి.

ప్రశ్నార్థకం
ఆ 'మీరేమిట్లు' అడిగిన ఓనరు ఏ వైపు వాళ్లు? అటు జిల్లాల వాళ్లకే ఈ అలవాటు...

మణికొండ_మొనగాడు
అన్ని జిల్లాల్లో అడుగుతారు. కొందరు సూటిగా, కొందరు 'మీ ఇంట్లో నాన్‌వెజ్ తింటారా' అని చుట్టూ తిప్పి.

మోడరేటర్
అటువైపు ఇంకొక్క పోస్ట్ వెళ్తే ఈ చర్చకు తాళం వేస్తాను. నాది ఒకటే తాళం, భారతి గారిలా రెండోదానికి ఎదురుచూడక్కర్లేదు.

వైజాగ్_పిల్ల
మాస్టారి లెక్క ఇద్దరం కూర్చుని చూశాం. వారానికి రెండు గంటలు తేడా. ఆ రెండు గంటలకు తూర్పు కిటికీలు కొనుక్కున్నాం అనుకుని తార్నాక ఇంటికి అడ్వాన్స్ ఇచ్చేశాం. ఆయన షరతులు: మంగళ, బుధ, గురువారాలే ఆఫీసు, ఆ మూడు రోజులూ రాత్రి వంట నాది, మిగతా రోజులు ఆయనది. తూర్పు గదుల్లో ఒకటి ఆయన ఆఫీసు. ఐదు రోజులు రమ్మంటే మళ్లీ ఇక్కడికే వచ్చి పోస్ట్ పెడతాను, నానీ గారు రెడీగా ఉండండి.

సికింద్రాబాదీ_శ్రీను
శభాష్ చెల్లె! ఆధార్‌ల అడ్రస్ జల్ది మార్పించుకో. మహాలక్ష్మి కింద ఆడోళ్లకు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల జీరో టికెట్, కాని తెలంగాణ అడ్రస్ ఉండాలె. మెట్రో రైలుకు కాదు, బస్సుకు. పేరు చూసి మోసపోకు.

వైజాగ్_పిల్ల
ఇది తెలీదు అన్నా. మొన్న బస్సులో వైజాగ్ ఆధార్ చూపించాను. కండక్టర్ గారు నవ్వి టికెట్ కొట్టారు. మా దగ్గర స్త్రీశక్తి ఉంది అన్నాను. 'అక్కడే ఎక్కాలమ్మా' అన్నారు.

మియాపూర్_మావయ్య
మియాపూర్‌ను ఎవరూ పట్టించుకోలేదు. సరే. ఒక్క ఆదివారం భోజనానికి అయినా రండి. సీటు దొరికే స్టేషన్ ఎలా ఉంటుందో చూద్దురు గాని.

ఆ_ఆయన్నే
వస్తాం మావయ్య గారూ. తార్నాక దగ్గర్లో చేపలు ఎక్కడ దొరుకుతాయో ఎవరైనా చెప్పండి. ఇంటి పక్క కొట్లో ఐసులో పెట్టినవి చూసి ఈవిడకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

సికింద్రాబాదీ_శ్రీను
రాంనగర్ చేపల మార్కెట్. ఆదివారం పొద్దుగాల్నే పో. లేటైతే జనమే తప్ప చేపలు కనపడయ్. రవ్వ, బొచ్చె దండిగ దొరుకుతయ్.

వైజాగ్_పిల్ల
రవ్వ, బొచ్చె చెరువు చేపలు అన్నా 😭

సికింద్రాబాదీ_శ్రీను
సముద్రం తెచ్చిపెట్టుమంటవా ఇగ?

ట్యాంకర్_బాధితుడు
ట్యాంకర్లో వస్తుంది, బుక్ చేయండి.

కూకట్‌పల్లి_క్వీన్
నెల రోజులైంది. వైజాగ్ పిల్లా, ఏమైపోయావు? ఇల్లు ఎలా ఉంది?

వైజాగ్_పిల్ల
ఉన్నాం అక్కా, సర్దుకోవడమే సరిపోయింది. వానలు పడ్డాయి, వీధిలో నీళ్లు నిలవలేదు. మెట్లు ఎక్కీ దిగీ ఆయన రెండు కేజీలు తగ్గారు. గురువారం ఒకసారి నిజంగానే నాగోల్ వెళ్లిపోయి వెనక్కి వచ్చారు.

ఇవాళ సెలవు. అత్తగారు పంపిన ఎండు నెత్తళ్లు తీసి వేయించాను, కిటికీలన్నీ మూసి. ఐదు నిమిషాలకు మెట్ల మీద అడుగుల చప్పుడు. తలుపు తీస్తే కింది నుంచి ఓనరు గారి భార్య. గుండె జారిపోయింది. ఇల్లు ఖాళీ చేయమంటారేమో అనుకున్నాను. ఆవిడ చీర కొంగు చాటు నుంచి చిన్న స్టీలు గిన్నె బయటికి తీశారు.